నూతిలో దొరికిన పచ్చ గిన్నె

మా దొడ్డమ్మ పోయింది. కొత్తపేట బళ్ళో పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. అమలాపురం నుంచి పడవవాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "మీ దొడ్డమ్మగారు కాలం చేసేరండి. తెల్లారగట్ల పోయేరండి. మీరొస్తారని పడవ ఆపేను" అన్నాడు. నేను "అలాగా" అన్నాను. ఇంకేదో అనాలని తెలుసు గాని, పిల్లల్ని ఇళ్ళకి పంపేసి పడవెక్కాను. పడవలో వెళుతున్నంతసేపూ గట్టున కొత్త కాలవలోంచి తవ్విపోసిన మన్ను చూస్తూ కూర్చున్నాను. ఇది రాస్తున్న ఈ వేళకి కూడా నాకు ఏడుపు రాలేదు. చదివేవారు నన్ను రాతిమనిషి అనుకున్నా సరే, ఉన్నమాట చెబుతున్నాను.

దొడ్డమ్మ మా నాన్నగారి అన్నగారి భార్య. ఆ పెదనాన్నగారిని నేను చూడలేదు. ఆవిడ కాపరానికి వచ్చిన కొద్దికాలానికే పోయారట. అప్పటినుంచీ మా ఇంటి వెనక వసారాలో ఒక మూల ఆవిడది. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి ఆవిడదే. ఇంత పెద్ద ఇంట్లో ఫలానా వస్తువు నాదని చెప్పుకోవడానికి మాత్రం ఆవిడకి ఏమీ ఉండేది కాదు, ఆ గిన్నె దొరికేదాకా.

ఆనకట్ట నీళ్ళు ఇంకా మా వైపుకి రాని రోజులు. ఓ ఎండాకాలం పెరట్లో నుయ్యి అడుగంటితే నాన్నగారు పూడిక తీయించారు. దాని అడుగున ఇంకో పాత నుయ్యి బయటపడింది. కాల్చిన మట్టి ఒరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మధ్యనుంచి తట్టలకొద్దీ పెంకులు వచ్చాయి. కొన్ని మన కుమ్మరి చేసేలాంటి ఎర్రవి. కొన్ని నీలిగీతలవి, కొన్ని ఆకుపచ్చవి, గాజులా నున్నగా మెరిసేవి. వాటిలో పగలని గిన్నె ఒకటి. లేత అరిటాకు రంగు. "ఆయ్, ఇదొక్కటే సాంతంగా ఉందండి" అని పూడిక తీసేవాడు గట్టుమీద పెట్టాడు.

కొబ్బరికాయల బేరానికి వచ్చిన ఓడ సరంగు దాన్ని వేలితో మీటి విన్నాడు. "చీనా పింగాణీ అండి. ఇలాంటివి ఇప్పుడు రావటం లేదండి. ఏ తాతముత్తాతల నాడో ఓడమీద దిగుంటుందండి. అప్పట్లో ఇక్కడ బాగా కలిగినోళ్ళే ఉండేరన్నమాట" అన్నాడు.

నాన్నగారికి అదేమీ పట్టలేదు. "ఎవళ్ళ ఎంగిలో ఏమో, అవతల పారేయించండి" అన్నారు.

తలుపు చాటునుంచి దొడ్డమ్మ, "ఇన్నాళ్ళూ ఆ గిన్నెలో నీళ్ళేగా మరిదిగారూ మనం తాగింది" అంది.

ఆయన నవ్వేశారు. దొడ్డమ్మ దాన్ని అడుగున గట్టిపడిన బురదంతా వదిలేదాకా చింతపండు, బూడిద పెట్టి తోముకుంది. నీలి పెంకులు మాకు తొక్కుడుబిళ్ళలకి ఇచ్చేసింది. ఒంటిపూట భోజనం అయ్యాక మజ్జిగ రోజూ ఆ గిన్నెలోనే. కడిగేదీ ఆవిడే, బోర్లించేదీ ఆవిడే. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. మడి అనుకున్నాం. అది నూతిలోకి ఎలా వచ్చిందని నేను అడిగితే, "ఎవరో పిల్ల చేతిలోంచి జారుంటుందిరా. ఎన్ని చీవాట్లు తిందో పాపం" అనేది. ఎప్పుడడిగినా అదే మాట, అదే జాలి. ఆ పిల్లని తను ఎరిగున్నట్టే చెప్పేది.

మా ఇళ్ళలో మనిషి పోతే మైల తీరిననాడు మట్టికుండలన్నీ పారేస్తారు. ఇత్తడీ రాగీ తోముకుంటే చాలు. మట్టి మైలని పీల్చుకుంటుంది, ఇక వదలదు. మా మామ్మ పోయినప్పుడు ఈ గిన్నె దగ్గర పేచీ వచ్చింది. ఇది మట్టా, కాదా? దొడ్డమ్మ దాన్నిండా మజ్జిగ పోసి, పొడి బూడిదమీద పెట్టి, "సాయంత్రందాకా చూడండి. చెమ్మ దిగిందంటే నేనే పగలగొట్టేస్తాను" అంది. దిగలేదు. "పీల్చనిది మట్టి కాదులెండి. బీట వారితే మాత్రం ఉంచకూడదు" అని పురోహితులవారు తీర్పు చెప్పేశారు. వ్యాజ్యం గెలిచిన జమీందారు కూడా ఆ పూట దొడ్డమ్మ అంత ఠీవిగా తిరిగి ఉండడు.

మొన్న ఆవిడ మైలే తీరింది. ఆడవాళ్ళు కుండలు మోసుకెళ్ళి దొడ్డి వెనక గుంటలో పడేస్తున్నారు. ఆ చప్పుడు వింటూ వసారాలో కూర్చున్నాను. అమ్మ వచ్చి, "మీ దొడ్డమ్మ గిన్నె కూడా చూడాలిరా. బీట ఉంటే అదీ పోవలసిందే" అంది. అన్ని మాటలూ ఎక్కడో అవతలి గట్టునుంచి వినిపిస్తున్నట్టున్నాయి గాని, ఆ గిన్నె మాత్రం పోకూడదనిపించింది. కబురు విన్నప్పటినుంచీ నాకు కావాలనిపించింది అదొక్కటే.

అమ్మకంటే ముందు నేనే లేచి గిన్నె తీసి వెలకిలా తిప్పాను.

లోపల, అడుగున రెండు చేపలు. ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నట్టు, రెక్కలూ తోకలూ సహా ఆ పచ్చ మెరుపు కింద ఉబ్బెత్తుగా ఉన్నాయి. చేప అనే మాట వినబడితేనే నోరు పుక్కిలించమనే ఇల్లు మాది. దొడ్డమ్మ ఇన్నేళ్ళూ వాటిమీద మజ్జిగ పోసుకుని తాగింది. ఒక్కరికీ చెప్పలేదు. అమ్మకి చదువు రాదు కనక ఇక్కడ ధైర్యంగా రాస్తున్నాను.

"ఏదీ, ఇలా తే" అంది అమ్మ.

అప్పుడే తెచ్చిన కొత్త కుండలో మజ్జిగ ఉంది. గిన్నె నిండా పోశాను.

"దాంట్లో నువ్వు తాగుతావేవిట్రా?"

"దాహంగా ఉందమ్మా. బీటేమీ లేదు. చూడు, ఎక్కడా కారడం లేదు."

అమ్మ కదల్లేదు. మెల్లిగా తాగాను. మజ్జిగ తగ్గి చేపల వీపులు తేలబోతుంటే గోడవైపు తిరిగాను. ఏడుస్తున్నాననుకుని అమ్మ చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళిపోయింది. చివరి గుక్కకి గిన్నె ఎత్తితే, రెండు చేపలూ తడిగా మెరుస్తూ నా మొహం మీదికి వచ్చాయి.