ఏడు అంగళ్ళకు ఒకే మాట

ఈ ఉదయం కిటికీ తెరవగానే ఒక దూదిపింజ తేలుకుంటూ వచ్చి కీబోర్డు మీద వాలింది. ఆదోనిలో పత్తి దిగే కాలమంతా ఇంతే. జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది, ఎటూ తొందర లేకుండా ఊరి మీద తిరుగుతుంటుంది. పింజను ఊదబోయి ఆగాను. నూర్జహాన్ అక్క ఊదేది కాదు. రెండు వేళ్ళతో తీసి కిటికీ బయట వదిలి, అది కనిపించినంత సేపూ చూసి, అప్పుడు మళ్ళీ పనిలో కూర్చునేది.

ఆమె నా మొదటి యజమాని. సోడా అంగడి మీద ఒక గది, మూడు కంప్యూటర్లు, ఆమె. అప్పుడు ఎమ్మిగనూరు నేతగాళ్ళ కోసం ఒక పని చేస్తోంది. ఏ మగ్గం మీద ఏ చీర ఉందో, దాని అంచు బొమ్మ ఎలా ఉందో మా సర్వరులో ఉంటుంది. చీరలు కొనే ఏడు అంగళ్ళ కంప్యూటర్లు వచ్చి అడిగి తెలుసుకుంటాయి. ఒక్కో అంగడికి ఒక పేరు, ఒక రహస్యపు కీ. రెండూ సరిపోతేనే సర్వరు నోరు విప్పుతుంది, అదీ ఆ అంగడి చెప్పి నేయించుకుంటున్న చీరల గురించి మాత్రమే. ఆ కీలు పెట్టే పని నాకిచ్చింది.

"ఎన్ని దినాలు కావాలప్పా?"

"పది, అక్కా."

"నాలుగు."

"నీ మాటా వద్దు, నా మాటా వద్దు, ఏడు సేసుకుందామక్కా."

"దినాలు గూడా బేరమాడేవాన్ని నిన్నే సూస్తాండా," అని నవ్వింది. "ఏడే తీస్కో. ఒక్కోదానికీ యేరే యేరే కీ పెట్టు. మిషను ఇచ్చిన పొడుగుదే పెట్టు. నీ బుర్రలోది మాత్రం పెట్టొద్దు."

నా బుర్ర మీద నాకున్న గౌరవం ఆమెకు తెలియదనుకున్నాను. నేను బట్టల అంగట్లో పెరిగినవాణ్ణి. మా ఇళ్ళలో బట్ట అసలు ధర చీటీ మీద అంకెల్లో రాయరు. ఇంటికొక మాట ఉంటుంది, పది వేర్వేరు అక్షరాలది. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కొనవచ్చిన గిరాకీ ఎదుటే చీటీ చూసుకొని, ఎక్కడిదాకా దిగొచ్చో తెలిసి కూడా, దిగే మనసే లేనట్టు ముఖం పెట్టాలి. మీసాలొచ్చిన ఏట నాన్న ఆ మాట నా చెవిలో చెప్పాడు. అంతకంటే గట్టి రహస్యం లోకంలో లేదని నా నమ్మకం. ఏడు అంగళ్ళకూ ఆ మాటనే కీగా పెట్టి, ఒక్క పూటలో ముగించి, మిగిలిన దినాలన్నీ పని చేస్తున్నట్టు ముఖం పెట్టాను.

మరచిపోయింది ఒక్కటే. ఆ మాట తెలియకుండా మా అంగట్లో ఏ గుమాస్తా చీర అమ్మలేడు. మా దగ్గర తొమ్మిదేళ్ళు చేసిన గుమాస్తా ఒకడు ఆ ఏడింటిలో ఒక అంగడికి మారాడు. ఇచ్చిన కీ చూసి నవ్వుకొని ఉంటాడు. పక్క అంగడి పేరు కొట్టి, అదే మాట పెట్టి చూశాడు. తెరుచుకుంది.

అందులో ఈరన్న అంచు ఉంది. ఎమ్మిగనూరులో నేతగాడు ఈరన్న, వానాకాలమంతా కూర్చొని స్వయంగా గీసుకున్న జొన్నకంకుల వరుస. అతని మొదటి చీర మగ్గం దిగకముందే అదే అంచు మరమగ్గం చీరల మీద బజారులో వేలాడింది.

ఎవరు ఎక్కడినుంచి అడిగారో సర్వరు రాసుకున్న చిట్టా అంతా అక్క చదివింది. "ఆ గుమాస్తా తప్పక్కా," అని నేను మొదలుపెట్టాను. ఆమె ఏడు కీలూ రద్దు చేసి, స్కూటరు తాళం తీసింది.

"పా, ఎమ్మిగనూరుకు. ఇది నీ నోటితోనే సెప్పల్ల."

ఈరన్న గుంట మగ్గంలో కూర్చొని నేస్తున్నాడు. నేను చెబుతున్నంత సేపూ అతని చేయి ఆగలేదు. అంతా అయ్యాక, పోగుల మధ్య అటూ ఇటూ తిప్పే నాడె ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంటే, ఏడు ఇండ్లకూ ఒకే బీగమేసినావు."

"అవునన్నా."

"అంగడోని కొడుకువి గదప్పా. మీ చీటీలో ఉండేది మాకు తెలీకూడదని అన్ని తిప్పలు పడతారే, నా అంచు గూడా అట్లాంటిదేనని నీకు అనిపించల్యా?"

పక్కనుంచి అక్క అంది: "తప్పు నాది గూడా అన్నా. పెట్టినంక సూడల్ల. సూడకపోతిని."

"ఈ పడుగు అయ్యేదాకా నేస్తా. ఇంగ ఈ అంచు ముట్టను," అని ఈరన్న నాడె అందుకున్నాడు. తిరుగుదారి పొడుగునా పత్తిచేలు తెల్లగా, నిద్రలోలాగా వెనక్కి పోతూ ఉన్నాయి.

మరునాడు అంగడి అంగడికీ వెళ్ళి కొత్త కీలు అక్కడే పుట్టించాం. కీ తెర మీదికి వచ్చే వేళకు అక్క కుర్చీ గోడవైపు తిప్పుకునేది.

"సరిగ్గా ఉందేమో సూడక్కా."

"నాకెందుకప్పా? అది నా సొత్తు కాదు."

మూడేళ్ళ తర్వాత ఆమె గుంతకల్లులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు పక్కన నిలబడి, సర్వరులోకి వెళ్ళే తన కీ నాచేతనే రద్దు చేయించింది. రెండు దినాలన్నా దాన్ని ఉండనిమ్మని బతిమాలాను. ఒక్క పూట కూడా దక్కలేదు.

ఈరన్న ఆ తర్వాత రెండేళ్ళు అంచు గీయలేదు. ఇప్పుడు గీస్తున్నాడు. బొమ్మ సర్వరుకు చేరకముందే, ఆ చీర నేయించుకునే అంగడి కీతో తప్ప తెరుచుకోకుండా మూసుకుంటుంది. అలా మూసే ప్రోగ్రాము నేనే రాశాను. సర్వరు నా బల్ల కిందే సన్నగా మోగుతుంటుంది. అందులో ఈరన్న ఏ అంచు దాచాడో నాకు తెలియదు. బజారుకు పోయినప్పుడు, అంగడి అద్దం ముందు నలుగురితో పాటు నిలబడి, మొదటిసారి చూస్తాను.