సత్తెమ్మ మేడం పెట్టిన ఇంటూలు

ఎండిన పసుపును గోటితో గీకితే కింద తేదీ కనిపించింది. అది దాటిపోయి అప్పటికే రెండు నెలలు. కారు గుద్దినప్పుడు కాదు, ఆ అంకెలు చూసినప్పుడే నాకు మొదటిసారి భయం తెలిసింది.

ఈ సాయంత్రం ఆయుధపూజకు బండి కాగితాలు ముందేసుకుని పసుపు కలుపుతుంటే, ఆ తడి వాసనకే నాలుగేళ్ల కిందటి ఆ క్షణం మళ్లీ వచ్చి మీద పడింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. మా అనంతపురం ఇంట్లో కాగితాలకు కూడా పసుపు రాసి బొట్టు పెడతారు. పెళ్లయి తార్నాకకు వచ్చాక నేనూ అలాగే పెట్టేదాన్ని. ఆ బొట్టు సరిగ్గా ఇన్సూరెన్స్ గడువు తేదీ మీద పడిందని ఏడాదంతా నేను గానీ మా ఆయన గానీ గమనించలేదు. ఆ రోజు పిల్లల్ని బడి నుంచి తెస్తూ, యూనివర్సిటీ లోపలి రోడ్డు మలుపులో, వెనక సీట్లో చిన్నవాడు ఏడుస్తున్నాడని తల తిప్పాను. ఒక్క క్షణమే. ముందు మెల్లగా మలుపు తిరుగుతున్న కారు వెనక తలుపును మా కారు గుద్దేసింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ కారాయన మర్యాదగానే, "ఇన్సూరెన్స్ ఉంది కదా మేడం, ఒక ఫోటో తీసుకుంటా," అన్నాడు. "ఉందండీ," అని ధీమాగా కాగితం తీశాను. తర్వాత ఆయనకు ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

నెలన్నరకు ఆయన ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కారు బాగుచేయడానికి వాళ్లు ఆయనకిచ్చిన డబ్బంతా నేనే కట్టాలట. ఒప్పుకుంటూ సంతకం చేసి పంపాలి, లేదంటే కోర్టు. వివరాలు రాసుకోవడానికి ఎల్లుండి ఒక మనిషి ఇంటికొస్తాడు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఉత్తరం పట్టుకుని మెట్ల మీదే కూలబడ్డాను.

అక్కడ నన్ను చూసి లోపలికి తీసుకెళ్లింది కింది ఫ్లాటులో ఉండే సత్తెమ్మ మేడం. పొట్టి మనిషి, పెద్ద గొంతు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. అపార్ట్‌మెంట్ నోటీసైనా సరే, చేతిలో ఎర్ర పెన్సిలు లేకుండా చదివేవారు కాదు. నిజమైన మాటకు రైటు, కానిదానికి ఇంటూ.

"గింత వణుకుడేంది బిడ్డా? కాయిదమే గదా, పులి గాదు. ఇటియ్యి," అన్నారు. ఒక్కో వాక్యం దగ్గరా ఆగారు. "గుద్దినవా?"

"గుద్దాను మేడం."

రైటు.

"ఇన్సూరెన్స్ లేకుండెనా?"

"లేదు."

ఇంకో రైటు. తర్వాత మరమ్మతుల జాబితాకు వచ్చారు. "హెడ్‌లైట్ అని రాసిండ్రు. నువ్వు గుద్దింది ఏడ?"

"వెనక తలుపు."

"మరి ముందరి లైటెట్ల పలగ్గొట్టినవ్? ఎగిరి దుంకినవా?"

ఏడుస్తూనే నవ్వేశాను. హెడ్‌లైట్ మీద పెద్ద ఇంటూ పడింది. "తలుపు కర్సు నీది. కొంచెం కొంచెం కడ్తనని రాయి. లైటు నీది గాదు, సంతకం జెయ్యకు. జవాబు రాస్కరా, చూస్త."

మర్నాడు సాయంత్రం రాసుకెళ్లాను. ఈలోగా మా ఆయన స్నేహితుడొకడు ఫోనులో సలహా ఇచ్చాడు: ఆ కారే వేగంగా వచ్చిందని రాయండి, సాక్షిగా పాప ఉండనే ఉంది కదా. అలాగే రాశాను. మేడం పెన్సిలు ఆ వాక్యం దగ్గర ఆగింది.

"గిది నువ్వు చూసినవా?"

నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను.

"తల ఎనకకు తిప్పిన అని నిన్న నువ్వే చెప్తివి. ఎనకకు చూసెటోల్లకు ముందర స్పీడెట్ల కనబడ్డది?"

"వాళ్లు మాత్రం హెడ్‌లైట్ గురించి అబద్ధం రాయలేదా మేడం?"

"వాల్లకు ఇంటూ ఏసిన గదా. నీకు ఎయ్యకుంటే ఎట్ల?"

వేశారు. వాళ్లకు వేసినంత పెద్దదే. మొహం మీద కొట్టినట్టయింది. పాపకు కూడా అలాగే చెప్పమని నేర్పానని ఒప్పుకున్నాను. మేడం గుమ్మంలో నిలబడ్డ మా బుజ్జిని పిలిచి, ఆ రోజు ఏమైందని అడిగారు.

"మేము మెల్లగా వెళ్తున్నాం. ఆ కారే స్పీడ్‌గా వచ్చింది. హారన్ కూడా కొట్టలేదు."

హారన్ సంగతి నేను నేర్పలేదు. ఎనిమిదేళ్ల పిల్ల, రెప్ప వేయకుండా, సొంతంగా కలిపింది. కారు గుద్దినప్పుడు కూడా నేనంతగా అదిరిపడలేదు.

"మంచిగ నేర్సింది," అని మేడం పెన్సిలు కింద పెట్టేశారు. ఆ మాట ఇప్పటికీ నాలో ఉండిపోయింది.

జవాబు మళ్లీ రాశాను. కంపెనీ చివరికి హెడ్‌లైట్ వదిలేసి, తలుపు ఖర్చు వాయిదాల్లో కట్టడానికి ఒప్పుకుంది. మేడం పోయిన చలికాలంలో చనిపోయారు. భయపడ్డప్పుడల్లా నాకు ఇప్పటికీ అబద్ధమే ముందు తోస్తుంది, ఆ వెంటనే "నువ్వు చూసినవా?" అని ఆమె గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు మొదటిసారి వినిపించింది జవాబు తిరగరాసిన మర్నాటి పొద్దున్నే, కంపెనీ మనిషి రావాల్సిన రోజు, పిల్లలకు ఇడ్లీలు పెడుతున్నప్పుడు.

"నీకు నేర్పింది అబద్ధం బుజ్జీ," అన్నాను. "అమ్మే తల తిప్పింది. అమ్మే గుద్దింది."

"మరి నిన్ను పట్టుకుపోతారా?" అన్నాడు చిన్నవాడు.

"తెలీదు నాన్నా."

బుజ్జి ఇడ్లీ ముక్కను పళ్లెంలో అటూ ఇటూ జరిపింది. "అయితే నేను మర్చిపోయానని చెప్పనా అమ్మా?"

"వద్దు తల్లీ," అన్నాను. "నీకు గుర్తున్నట్టే చెప్పు."