కాణిపాకం సామిని అడిగిన పార్సర్

చిత్తూరులో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ధనశేఖర్‌ను మించిన బద్ధకస్తుడు జిల్లాలోనే లేడని అతని భార్య నాగవేణి అంటుంది. అబద్ధమేమీ కాదు. కొత్త కంప్యూటర్ భాష పుట్టిందంటే, అందులో రాసిన వాక్యాన్ని విడగొట్టి అర్థం తేల్చే పార్సర్ కావాలి. ఎవరైనా ఒళ్లు వంచి ఆ పార్సర్‌నైనా రాయాలి, దాన్ని పుట్టించే జనరేటర్‌నైనా రాయాలి. మనవాడు రెండూ రాయలేదు. ఏ భాషకు తగ్గ జనరేటర్‌ను ఆ భాషకు తయారుచేసిపెట్టే పరికరాన్ని ఒకసారి రాసి కాళ్లు చాపుకున్నాడు. నాలుగు నమూనా వాక్యాలు పడేస్తే మిగతాదంతా అదే చూసుకుంటుంది.

దాంతో పొలం మోటార్లకు తెలుగులో ఆజ్ఞలిచ్చే చిన్న భాష తయారుచేయాలనీ, అందుకు ఐరాల చుట్టూ పది ఊళ్లు తిరిగి రైతుల మాటలు పట్టుకురమ్మనీ హెచ్‌ఓడీ చంద్రకాంతమ్మ పురమాయించింది. ఇది నెగ్గితేనే అతని ఉద్యోగం నిలుస్తుంది. మండుటెండలో పది ఊళ్లు ఎవడు తిరుగుతాడు? ధనశేఖర్ తిన్నగా ఐరాలలో అత్తగారింటికి పోయి, చల్లగా మజ్జిగ తాగి, అత్త నాగరత్నమ్మ చేతే వాక్యాలన్నీ చెప్పించుకున్నాడు.

పరీక్ష రోజున చంద్రకాంతమ్మ స్వయంగా “పొద్దున ఆరుకు మోటారు వెయ్” అని టైపు చేసింది. పార్సర్ ఒప్పుకోలేదు. ‘మొదట కాణిపాకం సామీ అని ఉండాలి’ అని తెర మీద పడింది.

నాగరత్నమ్మ సామిని తలచుకోనిదే ఏ మాటా మొదలుపెట్టదు. ప్రతి నమూనాలోనూ ఆ పిలుపు ఉంది కాబట్టి అది తప్పనిసరి అని పరికరం రూలు రాసేసుకుంది.

“ఏమప్పా, పది ఊళ్లోళ్లూ ఒకే మాటతో మొదలుపెట్టినారా?”

“అంతా కాణిపాకం సుట్టుపక్కలోళ్లే మేడమ్.”

“అట్లనా. అయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?”

ధనశేఖర్‌దీ చిత్తూరు జిల్లానే. ఆ జిల్లాలో పుట్టినవాడు కోర్టులోనైనా బొంకుతాడేమో గాని ఆ సామి ముందు బొంకడు.

“మా అత్త ఒక్కతే సెప్పింది మేడమ్.”

“నీ పరికరం విన్నది విన్నట్టే పట్టింది. కల్ల నీది. పోయి ఊళ్లు తిరుగు. సామి పేరు లేకుండా మోటారు వేసే రైతును ఒక్కణ్ణి చూపించు, నీ ఉద్యోగం ఉంటాది. లేదంటే లేదు.”

మరునాడు నెత్తిన తువ్వాలు వేసుకుని పాకాల దగ్గర ఒక మామిడి తోటలో దిగాడు. అక్కడ మునెయ్య అనే రైతు స్టార్టరు పెట్టె ముందు నిలబడి, “కాణిపాకం సామీ” అని కళ్లు మూసుకుని పచ్చ మీట నొక్కాడు.

ధనశేఖర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తన గోడంతా చెప్పుకుని, “ఒక్కసారి సామి పేరు లేకుండా వెయ్యప్పా, నీకు పుణ్యముంటాది” అని బతిమాలాడు.

మునెయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. “పోయిన నెల మరిసిపోయి అట్లే ఏసినా. మోటారు కాలిపోయింది. నీ ఉద్యోగం కోసం మళ్లీ కాల్సుకోమంటావా?”