పిట్టంత కంప్యూటరు, పుట్టెడు కాక

నేను చేసిన వెధవ పనులన్నిటినీ వరసగా నిలబెడితే ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు దాకా పోతాయి. చాలావాటిని తలుచుకుని నేనే నవ్వుకుంటాను. ఒక్కటి మాత్రం గుర్తొస్తే ఎండాకాలంలో కూడా దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది. ఆ పనితో మా చెల్లెలి నోటికాడి కూడు పడగొట్టాను, మా నాయన ముందు అబద్ధమాడాను, పులివెందులలో నిండు కల్యాణ మండపంలో ఒక కంప్యూటరుకు తడిగుడ్డ చుట్టాను. మీరు నవ్వండి, నవ్వడానికే చెబుతున్నాను. కాకపోతే నా మొహంలోకి చూడకుండా నవ్వండి.

మా చెల్లెలు రూత్‌కు కంప్యూటర్లో కార్ల పందేలంటే ప్రాణం. మా నాయనకు బడంటే ప్రాణం. ఆయనా టీచరే, వాళ్ళ నాయనా టీచరే, ఆ పైనున్నాయన దొరలు పెట్టిన మిషన్ బళ్ళో టీచరు. చాక్‌పీసు పట్టనివాళ్ళకు మా ఇంట్లో అన్నం కాస్త చల్లారాకే పెడతారు. ఒకరోజు ఆయన రూత్‌ను కూర్చోబెట్టి తేల్చేశాడు.

"ఆటలాడితే కడుపు నిండుతాదా పాపా?"

"పులివెందుల పోటీలో గెలిస్తే ఆటల కంపెనీవాళ్ళు బెంగుళూరుకు పిలుస్తారు నాయనా. ఆడ బాగా ఆడితే జీతమిచ్చి పెట్టుకుంటారంట."

"సరే. గెలిస్తే బెంగుళూరుకు నేనే పిల్చుకపోతా. ఓడిపోతే మాత్రం నోరెత్తకుండా బి.ఎడ్.లో చేరాల."

"చేరతా" అంది రూత్. ఓడిపోతానన్న అనుమానం దానికి లేదు. అన్న అనేవాడొకడు ఉన్నాడని మరిచిపోయింది.

దానిదొక పాత కంప్యూటరు. పెద్ద పెట్టె, పక్క రేకు ఎప్పుడో ఊడిపోయింది, లోపలికి గాలి తగిలేట్టు ఒక టేబుల్ ఫ్యాను. ఆన్ చేస్తే పిండిమర తిరిగినట్టు మోత. చూడ్డానికి దరిద్రంగా ఉండేది కానీ ఒక్కరోజు ఆగిన పాపాన పోలేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న మంచి గ్రాఫిక్స్ కార్డు అందులో ఉండేది. పరుగు పందెంలో గుర్రానికి కాళ్ళెంతో ఆ ఆటకు ఆ కార్డంత.

ఇక నా సంగతి. ఇంట్లో ఏసీ గదిలో కూర్చుని కంపెనీ పని చేసుకునేవాణ్ణి. పని తక్కువైన రోజుల్లో అరచేతిలో పట్టే గేమింగ్ కంప్యూటర్ల వీడియోలు చూసి చూసి నాకు పిచ్చి పట్టింది. రెండు ఇటుకలు జత చేసినంత అల్యూమినియం పెట్టె ఒకటి తెప్పించాను. నల్లగా, నున్నగా, పెళ్ళికొడుకు బూటులా మెరిసిపోతోంది.

"రూతూ, నీ కార్డు ఇట్లియ్యి. పోటీలో నువ్వు దీంట్లోనే ఆడతాండావు."

"ఆ డబ్బాలో నా కార్డు పడ్తాదా అన్నా?"

"ఎందుకు పట్టదు?"

పట్టింది. షేర్ ఆటోలో పన్నెండో మనిషి పట్టినట్టు పట్టింది. వైరు వైరును రాసుకుంటోంది, కార్డు మొహం పోయి రేకుకు ఆనుకుంది. మూల చిన్న ఫ్యాను ఒకటి ఈలేస్తుంటే, ఆ సద్దు నా పెట్టె హోదాకు తగదని దాని వేగం తగ్గించేశాను.

రూత్ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "గాలి యాడనుంచి వస్తాది? వేడి యాడికి పోతాది?"

"అవన్నీ నేను చూసుకుంటాలే."

"పోనీ, కార్డు తాగే కరెంటన్నా రవ్వంత తగ్గించు అన్నా. వేగం కొంచెం తగ్గుతాది గానీ కాక శానా తగ్గుతాది."

"వేగం తగ్గించుకునేదానికా నేనింత కష్టపడింది?"

నాకు పెట్టె చిన్నదిగా ఉండాలి, వేగం పెద్దదిగా ఉండాలి, చప్పుడు అసలు ఉండకూడదు. ఈ మూడింట్లో ఏ రెండు కావాలో ఎంచుకోవాలని కంప్యూటరు కట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకు మూడూ కావాలి. చలికాలంలో, ఏసీ గదిలో, పావుగంట ఆడి చూశాను. దివ్యంగా పనిచేసింది. పరీక్ష అయిపోయిందన్నాను. రూత్ ఒప్పుకుంది. పెద్దవాడు, చదువుకున్నవాడు, తెలిసే చెబుతున్నాడనుకుంది పాపం.

పోటీ నడివేసవిలో. ఎవరి కంప్యూటరు వాళ్ళు తెచ్చుకోవాలి. నేను మాదాన్ని సంచిలో వేసుకుని, చంటిబిడ్డ తండ్రిలా మండపంలోకి నడిచాను. వెనకే రూత్, మా నాయన. అదే సమయానికి జమ్మలమడుగు నుంచి మాబాషా దిగాడు. ఆ ఊళ్ళో నెట్ సెంటర్ నడుపుకునే మనిషి, పందేల్లో ఘనుడని పేరు. అతని కంప్యూటరు ఆటోలో వచ్చింది. ఇద్దరు పట్టి దించారు.

ఊరికే ఉండొచ్చు కదా నేను! "ఏందప్పా, బీరువా తెచ్చినావు? చీరలు గూడా సర్దుకొచ్చినావా?" అన్నాను, నలుగురికీ వినబడేట్టు.

మాబాషా నవ్వాడు. "పెద్దదే తమ్ముడూ. దానికీ ఊపిరాడల్ల గదా."

మా పెట్టె చుట్టూ జనం మూగారు. "ఇంతేనా కంప్యూటరు?" "సద్దే ల్యాదే!" అని ఫోటోలు తీసుకున్నారు. పిట్ట కొంచెం, కూత ఘనం అని ఒకాయన మెచ్చుకున్నాడు. నేను మైకు లేకుండానే ఉపన్యాసం మొదలుపెట్టాను. రూత్ మాత్రం పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమని వెనక్కి తీసుకుంది. నేను చూశాను. చూడనట్టు ఉపన్యాసం కొనసాగించాను.

పొద్దున పందేలు చిన్నవి. రూత్ ఒక్కొక్కరినే దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చింది. మధ్యాహ్నం ఫైనల్, మాబాషాతో. మూడు పందేల్లో రెండు గెలవాలి, ఒక్కొక్కటీ బారెడు పొడుగు. మండపంలో ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి పెడుతున్నాయి. ఆ గాలినే మా పెట్టె పీల్చాలి. మా నాయన మెడకు చేతిరుమాలు చుట్టుకుని ముందువరసలో కూర్చున్నాడు.

మొదటి పందెంలో రూత్ కారు దూసుకుపోయింది. "అట్ల! అట్ల కొట్టు పాపా!" అని అరిచింది ఎవరో కాదు, మా నాయనే. నా జన్మలో ఆయన అంత గట్టిగా అరవగా వినలేదు.

అప్పుడు మొదలైంది. తెర మీద కారు పరిగెత్తడం మానేసి, పెళ్ళి ఆల్బంలో పేజీలు తిప్పినట్టు ఒక్కొక్క బొమ్మగా కదలసాగింది. ఒక బొమ్మలో రోడ్డు మీదుంది. తర్వాతి బొమ్మలో గోడలో ఉంది. మాబాషా పక్కనుంచి వెళ్ళిపోయాడు.

"అన్నా, కాలిపోతాంది! వేడి తట్టుకోల్యాక అదే వేగం తగ్గించుకుంటాంది!"

ఫ్యాను వేగం పెంచాను. కుక్కరు ఈల వేసినట్టు కూత పెట్టింది తప్ప లాభం లేదు. పిట్ట కొంచెం, కాక ఘనం.

మొదటి పందెం గెలిచిన మాబాషా లేచి మా బల్ల దగ్గరికి వచ్చాడు. "పాపా, ఇది న్యాయం కాదు. నా దాంట్లోనే ఆడు. ఒకరి తర్వాత ఒకరం ఆడి టైం చూసుకుందాం. నిర్వాహకులకు నేను చెప్తా."

రూత్ కళ్ళు మెరిశాయి. "శానా థ్యాంక్సన్నా..." అని లేవబోయింది.

ఇదిగో, నేను ముసుగేసుకునేది ఇక్కడే. "ఏం అవసరం ల్యాదు" అన్నాను. "మా కంప్యూటరుకు ఏం కాల్యా. కూర్చో రూతూ."

"అన్నా, నీ కాళ్ళు మొక్కుతా..."

"కూర్చోమంటాండ గదా!"

కూర్చుంది. ఇంతమంది ముందు అన్న మాట తీసేయలేక కూర్చుంది. నేను వంటవాళ్ళ దగ్గర తువ్వాలు అడిగి తెచ్చి, చన్నీళ్ళలో ముంచి పిండి, జ్వరమొచ్చిన బిడ్డకు వేసినట్టు పెట్టె చుట్టూ చుట్టాను. ఉన్న నాలుగు చిల్లులూ చక్కగా మూసుకుపోయాయి. ఇంజనీరింగు చదివినవాణ్ణి, మరవకండి.

రెండో పందెంలో రూత్ మళ్ళీ ముందుంది. చివరి మలుపు. తువ్వాల్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

"అన్నా, గుడ్డ తీయ్!"

"ఉండుమ్మా, చల్లబడతాంది!"

"గుడ్డ తీయన్నా!"

తెర నల్లబడింది. అంతే. గెలుపు గీత కళ్ళ ముందే ఉండింది. దాని కారు లేదు.

మండపమంతా నవ్వింది. వాళ్ళ తప్పేముంది, పొగలు కక్కుతున్న తువ్వాలును పట్టుకుని నిలబడినవాణ్ణి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మా నాయన ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి అడిగాడు.

"గెలుస్తానే ఉండె గదరా. ఏమాయ?"

నిజం చెప్పడానికి మంచి అవకాశం. నా నోటి నుంచి వచ్చింది ఇది: "పాప కంగారు పడింది నాయనా. ఏదో నొక్కబోయి ఏదో నొక్కింది."

రూత్ నా వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు. ఊరికే చూసింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

కాదన్నది మాబాషానే. "సారూ, పాప తప్పేం ల్యాదు. ఆ పెట్టె ఉడికిపాయ. నా దాంట్లో ఆడమంటే, ఈయప్ప వద్దన్యాడు."

మా నాయన తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, వంటవాళ్ళకు ఇచ్చి వచ్చాడు. ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు చేరాం. ఇంటి గడప దగ్గర నేను రూత్‌తో, "తప్పు నాదే. నీ మీదికి తోసినా. మన్నించు" అన్నాను. "నా కార్డు నాకు తీసియ్యి" అంది. తీసిచ్చాను. ఒక మరమేకు కిందపడింది. రూతే వంగి ఏరుకుంది.

మరుసటి రోజు మా నాయన బి.ఎడ్. దరఖాస్తు సంగతి ఎత్తలేదు. రూత్ ఎత్తితే, "ఓడింది నువ్వు కాదు గదా. ఇంగొగసారి ఆడు" అన్నాడు.

కొన్నాళ్ళకు జమ్మలమడుగులో కూడా అలాంటి పోటీయే పెట్టారు. రూత్ తన పాత పెట్టెకు రేకు బిగించి, ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టుకుంది. అక్కడ మాబాషానే ఓడించి గెలిచింది. బెంగుళూరుకు నాయనే తీసుకుపోయాడు, నన్ను రమ్మనలేదు. నేనూ అడగలేదు.

జమ్మలమడుగుకు పోయేటప్పుడు మాత్రం నన్ను పిలిచారు, ఆ పాత పెట్టె మోయడానికి. బస్సు కిక్కిరిసి ఉంది. ఖాళీగా ఉన్న ఒక్క సీట్లో రూత్ ఆ పెట్టెను జాగ్రత్తగా కూర్చోబెట్టింది. నేను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు వచ్చి పెట్టెను ఎగాదిగా చూశాడు.

"సార్, దీనికి లగేజి కొట్టాల."

మా నాయన నన్నొకసారి చూశాడు, పెట్టెనొకసారి చూశాడు.

"దానికి సీటు టికెట్టు కొట్టప్పా, అది పనిచేస్తాది. లగేజి వీనికి కొట్టు."

బస్సంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా రూత్ నవ్వింది. పులివెందుల తర్వాత అది నా ముందు నవ్వడం అదే మొదటిసారి. అందుకని, ఆ కమ్మీ మీద ఒట్టేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఊపిరాడే ఏ వస్తువుకూ, మనిషికీ నేను గుడ్డ చుట్టను, నా తప్పుకు చెల్లెలి పేరు పెట్టను, జమ్మలమడుగు వాళ్ళ బీరువాల జోలికి ప్రాణం పోయినా పోను.