స్తంభంగారి మోకాలు, మడత కత్తి

నలభై ఎనిమిదేళ్ళు నిలబడే బతికాడు స్తంభంగారు. సెలూన్ తెరిచిన రోజు నుంచీ పనివేళలో ఆయన కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కూర్చునేది గడ్డం గీయించుకునేవాడు, నిలబడేది గీసేవాడు. ఇదీ ఆయన లెక్క. అందుకే వీధివాళ్ళు స్తంభంగారని పేరు పెట్టేశారు, ఆయనా దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. ఒకసారి గాలివానకి సెలూన్ తలుపు ఊడి వీపు మీద పడినా, చేతిలో ఉన్న గడ్డం పూర్తిచేసి గానీ తలుపు దించలేదని చెప్పుకునేవాడు. ఆ తలుపు ఏటేటా బరువెక్కుతూ వచ్చింది. మొదట్లో ఒక్క రెక్కే పడింది. పోయినేడాది చెప్పినప్పుడు ద్వారబంధంతో సహా పడింది.

అలాంటి మనిషికి డెబ్భై ఒకటో ఏట, ఒక మధ్యాహ్నం, కుడి మోకాలు చెప్పాపెట్టకుండా మడత పడింది.

అప్పుడు ఆయన కత్తి బస్సు డ్రైవర్ చెవి కింద ఉంది. ముప్పయ్యేళ్ళుగా ఆ డ్రైవర్ ఇంకొకరి చేత గడ్డం గీయించుకోలేదు. కుర్చీలో వెనక్కి వాలగానే కునుకు తీసేవాడు. ఆ రోజూ కునుకులోనే ఉన్నాడు. మోకాలు ఒరిగింది, భుజం ఒరిగింది, కత్తి అంగుళం మేర జారింది. తెల్లటి నురుగులోకి ఎర్రగా సన్నని గీత పాకింది.

"కదిలావేంటయ్యా!" అని అరిచాడు స్తంభంగారు.

"నేనా? నేను నిద్రలో ఉన్నానే," అంటూ డ్రైవర్ చెవి పట్టుకుని లేచాడు.

"నిద్రలోనే కదిలావు. బస్సు మలుపు తిప్పుతున్నట్టు కలగన్నావో ఏమో."

పక్క కుర్చీ దగ్గర కూతురు జుట్టు కత్తిరిస్తోంది. పదేళ్ళుగా సెలూన్ నడిపేది ఆమే. ఆమెకి ఎదురుగా గోడంతా అద్దం. నాన్న మోకాలు ఒరగడం, నాన్న అబద్ధం ఆడటం రెండూ ఆ అద్దంలో చూసింది. డ్రైవర్‌కి పటిక రాసి, దూది పెట్టి పంపింది. తర్వాత నాన్న చేతిలోంచి మడత కత్తి తీసుకుని, కడిగి, తుడిచి, సొరుగులో పెట్టి తాళం వేసింది.

"ఎప్పుడిస్తావు?" అన్నాడు ఆయన.

"నీ కాలు నిలబడ్డప్పుడు."

"నలభై ఎనిమిదేళ్ళు నిలబడ్డ కాలే అమ్మాయ్ ఇది!"

"రెండంగుళాలు కిందకి జారుంటే ఏమయ్యేది నాన్నా? అది చెప్పు ముందు."

చెవి కింద రెండంగుళాల దూరంలో ఏముందో ఆయనకి తెలుసు. రోజూ వేళ్ళ కింద ఆ మెడ నాడి కొట్టుకోవడం తెలుస్తూనే ఉంటుంది.

కూతురు షరతులు చెప్పింది. కసరత్తు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. తర్వాత బుడగ మీద చేయి చూపించాలి. ఆ తర్వాత మనిషి మెడ మీద. అక్కడ చేయి తప్పితే కత్తి ఆ సొరుగులోనే ఉంటుంది, ఇక జన్మలో అడగకూడదు.

బుడగ అనేసరికి ఆయన ముఖం మాడిపోయింది. గాలి ఊదిన బుడగకి నురుగు పూసి, పగలకుండా కత్తితో ఆ నురుగంతా తీయాలి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకి పెట్టే పరీక్ష అది. ఈ కూతురికి ఆయనే పెట్టాడు. ముప్పయ్యొక్క బుడగలు పగిలాక గానీ కత్తి చేతికివ్వలేదు. ఇప్పుడు ఆ పిల్ల తనకి బుడగ పెడుతుందట!

డాక్టరమ్మ గదిలో ఒక బల్ల, ఒక చేతుల్లేని కుర్చీ ఉన్నాయి.

"కసరత్తు ఏమైనా చేస్తారా పెద్దాయనా?"

"రోజుకి పది గంటలు నిలబడతాను."

"అది కసరత్తు కాదు. నిలబడితే కాలు అలసిపోతుంది, బలపడదు. నడక?"

"సెలూన్ కింద, ఇల్లు పైన. పద్నాలుగు మెట్లు."

ఆమె ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమంది. పట్టుకోకుండా లేవాలి, కూర్చోవాలి, మళ్ళీ లేవాలి. అర నిమిషంలో ఎన్నిసార్లో చూస్తానంది. ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాడు స్తంభంగారు. మూడోసారికి తొడలు మండాయి. నాలుగోసారికి చుక్కలు కనిపించాయి. ఐదోసారి లేచి, కూర్చోవడానికి బదులు కూలబడ్డాడు.

"మీ వయసు మగవాళ్ళు పన్నెండు దాకా లేస్తారు," అంది ఆమె.

ఒంటికాలి మీద నాలుగు సెకన్లు నిలబడ్డాడు. ఐదో సెకనుకి బల్ల పట్టుకున్నాడు. పట్టుకున్నది తానే అయినా, బల్లే దగ్గరికి జరిగిందని వాదించాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "వాడకపోతే వయసుతోపాటు తొడకండ కరిగిపోతుంది. పని చెబితే డెబ్భైలో కూడా బలం పెరుగుతుంది. తూలడం తగ్గుతుంది, బీపీ, షుగర్ అదుపులో ఉంటాయి, నిద్ర పడుతుంది. రోజూ నడవండి. కుర్చీలోంచి లేచి కూర్చోండి, మడమలెత్తండి, ఒంటికాలి మీద నిలబడండి. పక్కన గట్టిగా పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండాలి. పన్నెండు వారాల తర్వాత రండి."

"కత్తి పట్టొచ్చా?"

"ఆ మాట నేను చెప్పలేను. మీ కాలే చెప్పాలి."

మొదటి మూడు వారాలు ఆయన చేసింది కసరత్తు కాదు, కసరత్తు వేషం. కూతురు చూస్తుంటే లేచేవాడు, అదీ కుర్చీ చేతుల మీద బరువేసి. నడకకని బయల్దేరి వీధి చివర టీ బండి దగ్గర ఆగేవాడు. మూడో వారం చివర, తాను సిద్ధమని మీసం మెలేశాడు. కూతురు బుడగ ఊది, దారం కట్టి, నురుగు పూసి ఎదురుగా పట్టుకుంది. సొరుగు తాళం తీసింది.

నాలుగు గీతలు వెన్నలా సాగాయి. ఐదో గీతలో మోకాలు వణికింది.

ఆ చప్పుడికి డిపోలో బస్సు టైరు పేలిందనుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారట. అద్దం నిండా, గోడ నిండా, కూతురు కనుబొమల నిండా నురుగు. ఎవరూ నవ్వలేదు. రబ్బరు ముక్క కత్తి అంచుకి వేలాడుతోంది. స్తంభంగారు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. అది రబ్బరు కాకపోయుంటే?

మర్నాటి నుంచి ఆయన వేరే మనిషి. ఎన్నడూ కూర్చోనివాడు సెలూన్ కుర్చీలోనే రోజుకి నలభైసార్లు కూర్చుని లేచాడు, చేతులు గుండెల మీద కట్టుకుని. వంతు కోసం కూర్చున్నవాళ్ళు లెక్కపెట్టేవాళ్ళు. "స్తంభంగారూ, పద్దెనిమిది కాదు పదిహేడు, దొంగలెక్క వద్దు!" అని అరిచేవాళ్ళు. వాష్‌బేసిన్ పట్టుకుని మడమలెత్తేవాడు. టీ మరిగేంత సేపూ వంటగట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడేవాడు. బస్సు డిపో దాకా నడవబోయి మొదటి రోజు సగం దారిలో పిట్టగోడ మీద కూలబడ్డాడు. ఎనిమిదో వారానికి ఆగకుండా వెళ్ళి ఆగకుండా వచ్చాడు. పద్నాలుగు మెట్లూ పక్కనున్న కడ్డీ ముట్టకుండా ఎక్కుతున్నాడు. పక్క మీద వాలితే తెల్లారేదాకా మెలకువ లేదు. పదో వారంలో బుడగ పగల్లేదు. మర్నాడు ఇంకోటి, అదీ పగల్లేదు.

అయినా సొరుగు తాళంచెవి కూతురి జేబులోనే ఉంది. పక్కనే అద్దం ముందు ఆమె గడ్డాలు గీస్తుంటే ఆయన వేళ్ళు వాటంతటవే కదిలేవి. ఇప్పుడు రోజంతా ఆయన పని తువ్వాళ్ళు మడతపెట్టడమే. అందుకు పుట్టిన చేతులు కావవని ఆయన బాధ. మెడ మీద కూడా తప్పితే ఇక మిగిలేవి ఆ తువ్వాళ్ళే.

పన్నెండో వారం శనివారం, రద్దీ అంతా అయ్యాక, "ఇప్పుడు చూద్దాం నాన్నా," అంది కూతురు.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను కదమ్మా. రేపు పొద్దున చూద్దువుగాని."

"తెల్లారి ఎవరి కాలైనా నిలబడుతుంది. అలిసిపోయాకే చూడాలి."

మెడ ఎవరిదన్న ప్రశ్న వచ్చేలోగా బస్సు డ్రైవర్ లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చెవి కింద మచ్చ సన్నగా మెరుస్తోంది.

"నువ్వెందుకయ్యా?" అన్నాడు స్తంభంగారు, ఆ మచ్చ వంకే చూస్తూ.

"మూణ్ణెల్లుగా నేనే గీసుకుంటున్నానన్నా. నా ముఖం చూసి బస్సెక్కినవాళ్ళు దిగిపోతున్నారు. మా ఆవిడకి చెప్పే వచ్చాను, రాత్రికి ఒక్కదానికే వండుకోమని."

కూతురు తాళం తీసి కత్తి ఆయన చేతిలో పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, ఆయన మోకాళ్ళ మీద కళ్ళు పెట్టి నిలబడింది.

ఎడమ చెంప నున్నగా వచ్చింది. కుడి చెంప వచ్చింది. మచ్చ పక్కనుంచి కత్తి తేలిగ్గా తిరిగింది. డ్రైవర్ ఈసారి కునుకు తీయలేదు. కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగించి పైకప్పు వంక చూస్తున్నాడు. పై పెదవి అయింది, గడ్డం కొస అయింది. ఇక మెడ. స్తంభంగారు ఎడమచేత్తో చర్మం సాగదీశాడు. వేలి కింద నాడి టకటకా కొట్టుకుంటోంది. ఒక గీత. రెండు. మూడు.

కుడి తొడలో లోపలెక్కడో తీగ మీటినట్టయింది.

బయటికి కనిపించేంత వణుకు కాదు. ఆయనకొక్కడికే తెలిసింది. ఇంకా నాలుగు గీతలున్నాయి. ఊపిరి బిగబట్టి గీసేస్తే పది సెకన్ల పని. కత్తి ఎత్తితే కూతురు చూస్తుంది. చూస్తే తాళం పడుతుంది. మూణ్ణెల్ల చాకిరీ, నలభై ఎనిమిదేళ్ళ పేరు ఆ సొరుగులో పడిపోతాయి. చెమట చుక్క కనుబొమ దాటి కంటిలోకి దిగింది. తీగ మళ్ళీ అదిరింది, ఈసారి మోకాలి దాకా.

కత్తి పైకెత్తాడు.

"ఆగు. కాలు వణుకుతోంది."

ఆయన నోట ఆ మాట ఆ గోడలు వినడం అదే మొదలు. కత్తి మడిచి, స్టూలు లాక్కుని, గీస్తున్న గడ్డం మధ్యలో, మనుషుల ముందు, కూర్చున్నాడు స్తంభంగారు. కూతురు కదల్లేదు.

"అన్నా, నేను ఉన్నానా, పోయానా?" అన్నాడు డ్రైవర్ పెదవులు కదపకుండా.

"ఉన్నావులే. తల తిప్పకు."

ఆయన కూతురి వంక చూడలేకపోయాడు. మడిచిన కత్తిని ఆమె వైపు చాచాడు. ఆమె అందుకోలేదు. కుంచె తీసుకుని వేడినీళ్ళలో ముంచి, డ్రైవర్ మెడ మీద ఆరిపోయిన నురుగు తుడిచి కొత్త నురుగు పూసింది. మళ్ళీ రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది.

నిమిషం గడిచింది. రెండు. స్తంభంగారు చేతులు గుండెల మీద కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచాడు. ఎడమకాలి మీద కొంచెం బరువు మార్చాడు. తీగ అదరలేదు. కత్తి విప్పి మెడకి ఆనించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. తువ్వాలుతో అద్ది చూశాడు. తువ్వాలు తెల్లగానే ఉంది.

"ఆ రోజు వణికితే అతని మీద నెట్టావు నాన్నా," అంది కూతురు. ఆయన చేతిలోంచి తువ్వాలు అందుకుంది. "నేను కత్తి లాక్కుంది మోకాలు చూసి కాదు, ఆ మాట విని."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "అయితే రోజుకెన్ని?"

"మూడు గడ్డాలు. గడ్డానికీ గడ్డానికీ మధ్య కూర్చోవాలి. కసరత్తు మానితే ఆ రోజు ఒక్కటీ లేదు."

"ఆరు."

"మూడు."

"ఐదు. అందులో ఒకటి కాలేజీ కుర్రాడిది. నాలుగు వెంట్రుకలుంటాయి, అదీ ఒక గడ్డమేనా?"

"నాలుగు. నీ మాటా వద్దు, నా మాటా వద్దు."

"ఓరి నాయనో, ముందు నా మెడ చుట్టూ కట్టిన ఈ గుడ్డ విప్పండి," అన్నాడు కుర్చీలోంచి డ్రైవర్. "బేరం తర్వాత ఆడుకోండి."