దండ వేసిన నా పోస్టరు

పోయిన నెల భీమడోలులో బస్సు దిగగానే గోడ మీద నా ముఖం కనిపించింది. ఎర్రటి పోస్టరు, నడిమధ్యన నా నలుపు తెలుపు ఫొటో, పైన బంతిపూల దండ. మా వైపు పెద్దవాళ్ల ఫొటో అలా గోడకెక్కిందంటే పోయినట్టే.

కింద కూర్చుని మా ఆడపడుచు సుబ్బులు ఏడుస్తోంది. పొలం గట్టు తగాదా వచ్చి ఆరేళ్లుగా మాకు మాటల్లేవు.

"ఏమైందే?" అన్నాను. తలెత్తి కెవ్వుమంది.

"వదినా! నువ్వు పోయావుగా!"

"ఎవరు చెప్పారు?"

"గోడ మీద వేశారుగా! దండ కూడా తెచ్చి వేశాను."

సుబ్బులుకు చదువు రాదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్న నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. 'ఏలూరులో పాటల పండగ. అందరూ రండి.'

పోస్టర్ల డిజైను చదివే మా మనవరాలి పని అది. నేను వరి ఊడ్పుల పాటలు పాడతానని నా ఫొటో కత్తిరించి, పాతకాలపు అచ్చు పోస్టర్లలా రెండే రంగుల్లో వేసిందట, నాకొక్క మాటైనా చెప్పకుండా.

"ఇంత ఏడుపు పెట్టుకుని మా గుమ్మం తొక్కలేదేం?" అన్నాను.

"నువ్వు పిలిచావా?" అంది సుబ్బులు.

పండగకు ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. ఆ దండ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నిజంగా పోయుంటే మాత్రం ఆ ఏడుపు నేను వినేదాన్ని కాదు.