పానకాలు మంత్రం, రక్తపింజర ఓపిక

పెదకాకాని చుట్టుపక్కల పాము కరిస్తే ఇప్పటికీ ముందు కబురు వెళ్ళేది మా పానకాలుకే. గుంటూరు ఆస్పత్రికి ఆటో కట్టించేది ఆ తర్వాతే. ఆయన కాటు తిన్నవాడి నోట్లో ఎండుమిరపకాయ పెట్టి నమలమంటాడు. కారం తెలియకపోతే విషం ఎక్కినట్టు. ఊహ తెలిసినప్పటి నుంచి మిరపకాయలు తింటున్న మాకు ఏ కాయా కారంగా ఉండదు. కాబట్టి వచ్చిన ప్రతివాడికీ విషం ఎక్కినట్టే తేలుతుంది. అప్పుడు మంత్రం వేస్తాడు. తిండి కోసం దాచుకున్న విషాన్ని మనిషి మీద దండగ చేయకుండా పాము ఉత్తినే కరిచి వదిలినవాళ్ళంతా ఆయన మంత్రంతో బతికినవాళ్ళే. పోయినవాళ్ళకు నమ్మకం చాలలేదట.

నిరుడు పొద్దువాలే వేళ మిరప కల్లంలో మేం రంగు తప్పిన తాలుకాయలు ఏరుతుంటే, కాయలు ఆరబోసిన పట్టా కింద నుంచి రక్తపింజర వచ్చి ఒక ఎలుకను కాటేసి వదిలేసింది. ఎలుక పరుగెత్తింది. అక్కడే ఉన్న పానకాలు చేయెత్తి మంత్రం చదివాడు.

"చూశారా, నేనుండగా విషం పారదు. పామే వదిలిపెట్టింది" అన్నాడు.

పాము కదల్లేదు. ఎలుక బస్తాల దాకా పోయి, తూలి పడిపోయింది. అప్పుడు పాము నాలుక ఆడిస్తూ, వాసన పట్టుకుని నిదానంగా వెళ్ళి, తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది.

అందరం పానకాలు వైపు చూశాం. ఆయన కండువా దులుపుకున్నాడు.

"ఎలుకకి నమ్మకం లేదమ్మా."

నా పక్కన కాయలు ఏరుతున్న అంకమ్మ తలెత్తకుండానే అంది.

"పాముకుంది గదండీ. అందుకే తొందరపడలేదు."